మడమ తిప్పనివారికీ మడమ నొప్పి
(సూరత్, వరాఛాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరయినవాణ్ణి. డాక్టర్ని కాను. మందులు చెప్పను. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలో మాత్రం చెబుతాను.

మాట తప్పడు, మడమ తిప్పడు అని మనవాళ్ళు వీరుణ్ణి పొగుడుతారు. ఆ మడమకే నొప్పి వస్తే దాచుకోవడం వీరత్వం కాదు. ఎం.ఐ. రూమ్‌లో చూసేవాణ్ణి, రిక్రూట్లు కుంటుతూ కూడా 'ఏమీ లేదు సార్' అనేవారు. సిక్ రిపోర్టు చేస్తే ట్రైనింగులో వెనకబడతామని భయం. ఇక్కడ సాంచాల దగ్గర గచ్చు మీద పన్నెండు గంటలు నిలబడే తమ్ముడికి, ఒకరోజు మానితే ఆ రోజు కూలి పోతుందని భయం. రెండూ న్యాయమైన భయాలే. కానీ ఒకరోజు కూలి చూసుకుంటే ఒక్కోసారి నెలల కూలి పోతుంది.

ముందు మామూలు నొప్పి సంగతి. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. ఎక్కువసేపు నిలబడినా, బరువు పెరిగినా, అరిగిన చెప్పులు వేసుకున్నా అది దెబ్బతింటుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ముల్లు గుచ్చినట్టుంటుంది, నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. దీనికి మెత్తటి అడుగున్న చెప్పులు వాడండి, ఇంట్లో కూడా వట్టికాళ్ళతో నడవకండి. ఐసు నీళ్ళ సీసాను అరికాలి కింద దొర్లించండి. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయండి. పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టవచ్చు, కానీ చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఎక్స్‌రేలో 'ఎముక పెరిగింది' అన్నా హడలిపోకండి. నొప్పి లేని ఎంతోమందికి కూడా ఆ ముల్లు ఉంటుంది.

రెండు వారాలు ఇలా చేసినా గుణం కనిపించకపోతే డాక్టరుకు చూపించాలి. ఈ కింది సందర్భాల్లో ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు.

ఒకటి, దెబ్బ తగిలాక కాలు నేల మీద మోపలేకపోవడం. మడమ వెనక 'టప్'మని చప్పుడై, మునివేళ్ళ మీద లేవలేకపోతే పెద్ద నరం లాంటి ఆ కండర పట్టీ తెగి ఉండవచ్చు. అదే రోజు వెళ్ళాలి.

రెండు, మడమ ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం రావడం.

మూడు, తిమ్మిరి, మొద్దుబారడం, లేదా పడుకున్నా వదలని నొప్పి.

నాలుగు, మడమను రెండు వైపులా నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. ఎముకలో సన్నటి పగులు ఉండవచ్చు. కవాతు చేసే సైనికుల పాదాల్లో వచ్చే ఇలాంటి నొప్పి గురించి ప్రష్యా సైన్య వైద్యుడు బ్రైథాప్ట్ 1855లోనే రాశాడు. మొదటి ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. నొప్పి ఉంటే మళ్ళీ చూపించుకోండి.

ఐదు, కుర్రవాళ్ళకు రెండు మడమలూ నొచ్చి, పొద్దున నడుము చాలాసేపు పట్టేయడం. అది కీళ్ళవాతం కావచ్చు.

షుగరున్న వారికి ప్రత్యేకంగా చెబుతున్నా. కాలికి స్పర్శ తగ్గితే నొప్పి తెలియదు. అందుకని నొప్పి లేదని ధీమా వద్దు, రోజూ అరికాళ్ళు చూసుకోండి. మనవాళ్ళు ఇటుక కాల్చి, జిల్లేడాకు వేసి మడమ కాపడం పెడతారు. షుగరున్నవాళ్ళు ఆ పని అసలే చేయవద్దు. కాలింది తెలియదు, పుండు మానదు. చిన్న పుండయినా అదే రోజు చూపించాలి.

నొప్పి బిళ్ళలు దుకాణంలో అడిగి నెలల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. మడమలో ఇంజెక్షన్ కూడా మాటిమాటికీ వేయించుకునేది కాదు.

డాక్టరుకు ఎక్కడ చూపించాలంటారా? ఉమర్‌వాడాలో మున్సిపాలిటీ వారి స్మీమర్ ఆసుపత్రి మనకు దూరమేమీ కాదు. మజూరా గేటు దగ్గర న్యూ సివిల్ ఉంది. మాజీ సైనికులకు 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. ఉంది. వెళ్ళినప్పుడు ఎన్నాళ్ళనుంచి, ఏ వేళప్పుడు నొప్పి, షుగరుందా, ఏ బిళ్ళలు వేసుకున్నారు, ఈ నాలుగూ దాచకుండా చెప్పండి.

ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు. ఇంటిల్లిపాదీ మీ కాళ్ళ మీద నిలబడి ఉన్నారు. సెలవు. జై హింద్.