నడుం నొప్పి ఉన్నోళ్లకు కసరత్తు నేర్పే పని: ఏం చెప్పి పిలవాలె, ఎంత అడగాలె

(తాడ్వాయి మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



కొత్త జీవనోపాధుల మీద మాట్లాడమన్నరు. కుట్టుమిషన్లు, బర్రెలు, కిరాణం సంగతి మీకు నా కన్నా బాగా తెలుసు. నేను ఒక్క పని గురించే చెప్త. యోగా లేదా వ్యాయామంలో శిక్షణ తీసుకొని సర్టిఫికెట్ ఉన్న చెల్లె, నడుం నొప్పి ఉన్నోళ్లకు కసరత్తు నేర్పి దానికి ఫీజు తీసుకునుడు.

గిరాకీ ఉంటదా అని అనుమానం వద్దు. మన కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో బీడీలు చుట్టే ఆడోళ్లు లేని ఊరు దొరకదు. ఒళ్లో చాట పెట్టుకొని, మెడ వంచి, వీపు గుండ్రంగ చేసి కూర్చుంటం. వెయ్యి బీడీలు అయ్యేసరికి పొద్దు గూకుతది. అట్ల వంగి కూర్చున్నప్పుడు వెన్నుపూసల నడుమ ఉండే డిస్కుల మీద నిలబడినప్పటి కన్నా ఎక్కువ ఒత్తిడి పడ్తది. వీపు కండరాలు సాగి సాగి అలసిపోతయి. పిర్రలకు, పొట్ట కండరాలకు పని లేక బలం తగ్గుతది. ఇగ నాట్లప్పుడు పొద్దంతా వంగుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉన్నది. అదే సంస్థ 2023 డిసెంబర్‌లో, చాలా కాలంగా ఉన్న నడుం నొప్పికి ఏం చెయ్యాలో మార్గదర్శకాలు ఇచ్చింది. కసరత్తు చేయించుమన్నది, నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పుమన్నది. నడుముకు కట్టుకునే బెల్టులు మామూలుగా వాడొద్దన్నది. మనం అటక మీద పడేసిన బెల్టులు గుర్తుకొస్తున్నయి కదా!

అసలు కిటుకు ఇక్కడుంది. కొత్తగా పట్టిన నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతది. అందుకే బామ్ అమ్మినోడు, సూది వేసినోడు, తాయెత్తు కట్టినోడు అందరూ గెలుస్తరు. మన దగ్గరికి కసరత్తుకు వచ్చిన మనిషికి పదిహేను రోజుల్లో తగ్గితే, "చూసిండ్రా, నా చెయ్యి తగిలితే పోయింది" అని మనం కూడా అనొచ్చు. అనొద్దు. ఎందుకంటే ఈ నొప్పి చాలామందికి మళ్లీ వస్తది. వచ్చిన నాడు ఆ అక్క మనల్ని బోరింగు కాడ కలుస్తది, సంఘం మీటింగుల పక్కన కూర్చుంటది. పట్నంల దుకాణం బోర్డు మార్చుకోవచ్చు గాని, ఊళ్లో మనం మొఖం మార్చుకోలేం.

చట్టం కూడా ఉన్నది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జనాన్ని తప్పుదారి పట్టించే ప్రకటన ఇచ్చిన సేవాదారునికి జైలు, 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడే అవకాశం ఉన్నది. అందుకే "నెలలో నొప్పి మాయం", "ఆపరేషన్ అక్కరలేదు" అని కరపత్రం మీద రాయొద్దు. ఫిజియోథెరపిస్టు చదువు చదవని వాళ్లు ఆ పేరు పెట్టుకోవద్దు.

భయపెట్టి కూడా పిలవొద్దు. "ఇట్లనే వదిలేస్తే మంచాన పడ్తవు" అంటే ఆ మాటకే కదలకుండ కూర్చుంటరు. కదలకపోతే నొప్పి ఇంకా బిగుస్తది. మరి ఏం చెప్పాలె? ఇట్ల చెప్పండి: "అక్కా, ఇప్పుడు నువ్వు లేవకుండ ఎంతసేపు కూర్చోగలుగుతున్నవు? బిందె ఎత్తుతున్నవా? వారంలో ఎన్ని గోలీలు మింగుతున్నవు? ఇవి రాసుకుందం. నెల తర్వాత మళ్లీ చూద్దం." మనం అమ్మేది ఆ నోటుబుక్కే అనుకోండి. మార్పు అందులో కనబడితే ఆమెనే నలుగురికి చెప్తది. ఆమె ఒప్పుకుంటేనే మనం చెప్పాలె.

ఎవరిని చేర్చుకోవద్దో తెలిసినప్పుడే ఈ పనికి విలువ. కాలు చచ్చుబడ్డట్టు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, ఒంటికి దొడ్డికి పట్టు తప్పినా అదే రోజు దవాఖానకు పంపాలె. జ్వరంతో నొప్పి, కారణం లేకుండ బరువు తగ్గుడు, కింద పడ్డంక మొదలైన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినోళ్లకు కొత్త నొప్పి – వీళ్లు కూడా ముందు డాక్టరు దగ్గరికే. గర్భిణులు, గర్భసంచి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కానోళ్లు డాక్టరును అడిగి రావాలె. ఒక ఫీజు పోతదని చూడకండి.

ఇగ యాపారంల ఉన్న పెద్ద చిక్కు. మన పని బాగా సాగితే గిరాకీ పోతది! నొప్పి తగ్గంగనే రాకుండ పోతరు, వాళ్ల తప్పేం లేదు. అందుకే ఏడాది పొడుగునా రమ్మని బతిమిలాడే కన్నా కాలాన్ని పట్టుకోవాలె. వానాకాలం నాట్లకు ముందు ఒక ఆరు వారాలు, యాసంగి నాట్లకు ముందు ఒక ఆరు వారాలు. "నాట్లకు నడుం గట్టి చేసుకుందం" అంటే మన ఆడోళ్లకు ఒక్క మాటల అర్థమైతది. నాట్లు పడ్డ రోజుల్లో తరగతి బంద్ పెట్టండి, ఎవరూ రారు. బీడీలు చుట్టేటోళ్లకు మాత్రం ఏడాదంతా సాయంత్రం అరగంట. ఆకు, తంబాకు తెచ్చుకునే కార్ఖానా కాడనే వాళ్లకు చెప్పొచ్చు, అక్కడ అందరూ ఒక్కసారి దొరుకుతరు.

డబ్బు లెక్క చిన్నదే. నెలకు 150 రూపాయలు, 20 మంది అనుకుంటే 3,000. రెండు జట్లు అయితే 6,000. కరెంటు మిషన్లు కొననీకి స్త్రీనిధి అప్పు తియ్యొద్దు, వీటికి చాపలు, గోడ, ఒక కుర్చీ చాలు. మొదటి వారం ఊరికే రానియ్యండి. ఫీజును సంఘం పొదుపులో కలిపి కొట్టెయ్యొద్దు, అడగకుండ పట్టుకోవద్దు. వేరే రశీదు, వేరే పుస్తకం. లేనోళ్లకు తగ్గించాలనుకుంటే గ్రామ సంఘంలో తీర్మానం రాయించుకోండి, గుట్టుగ తగ్గిస్తే రేపు మాటలొస్తయి.

కరపత్రం మీద ప్యాంట్లు వేసుకున్న సన్నటి పిల్లల ఫొటోలు చూస్తే మన యాభై ఏండ్ల అక్క గడప దాటదు. పంజాబీ డ్రెస్సుల, గోచి పెట్టిన చీరల ఉన్న మనిషి బొమ్మ పెట్టండి. మొగోళ్లు నిలబడి చూడని జాగా, తలుపు ఉన్న జాగా కావాలె. కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డు మీద పెట్టిన పెద్ద బోర్డు కన్నా, ఈ తలుపు ఎక్కువ మందిని తెస్తది.

ఆసక్తి ఉన్న చెల్లెండ్లు సర్టిఫికెట్ జిరాక్సుతో మీ వీఓఏకు పేరియ్యండి. ఇప్పటికే గంటసేపు కూర్చున్నరు. ప్రశ్నలు తర్వాత, ముందు అందరూ లేవండి. చేతులు నడుం మీద పెట్టుకొని, మెల్లగ వెనకకు వంగండి. నొప్పి పుడితే అక్కడనే ఆగండి.