గ్యాసు బండ లేని వెల్డింగు



రథసప్తమికి అరసవల్లి జనంతో నిండుతుంది. అంగళ్లకు ఇనప బల్లలు కావాలి, గేట్లు, స్టాండ్లు అతకాలి. ఆ పనికి ఫ్లక్స్ తీగ మిషను మనకు అనుకూలం. తీగ లోపలి మందు కాలి అతుకును గాలి తగలకుండా కాపాడుతుంది. గ్యాసు బండ అక్కర్లేదు, ఆరుబయటైనా పని సాగుతుంది.

మిషను బిగించాక ముందు చూడాల్సింది ఒకటే. టార్చి మైనస్‌కి, ఎర్త్ క్లాంపు ప్లస్‌కి ఉండాలి. గ్యాసు పద్ధతికి దీని తిరగేసి ఉంటుంది. మార్చకపోతే రవ్వలు చిమ్ముతాయి, అతుకు నిలవదు. రోలరు గాట్లున్నదే వేద్దాం. మరీ బిగిస్తే తీగ నలిగిపోద్ది. తుప్పు, రంగు గీకాకే అతుకుదాం, తర్వాత పైన పెంకు కొట్టి చూద్దాం.

నైలాన్ చీర వద్దు. నూలు బట్టలు, తోలు గ్లౌజులు, ముఖానికి వెల్డింగు అద్దం ఉండాలి. జింకు పూత గొట్టాల పొగ జ్వరం తెస్తాది, పూత గీకి, గాలాడే చోటే చేద్దాం.

అప్పు తీర్చేది మనమే, ఆ బల్ల మీద కూర్చునేదీ మనోళ్లే.