అడ్వాన్సు - అక్నాలెడ్జిమెంటు



ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఇన్‌వార్డు నంబరు వేయనిదే ఒక్క కాగితం తీసుకోని నేను, 2011లో వారాసిగూడలో ఇల్లు అద్దెకు తీసుకుంటూ 12,000 రూపాయల అడ్వాన్సు రసీదు లేకుండా ఇచ్చాను. "మీరు నాకు అన్నగారి లాంటివారు" అన్నారు ఓనరు గారు. ఇక రసీదు అడగడానికి మొహమాటపడ్డాను.

2014లో ఖాళీ చేశాక అడిగితే, "సున్నాలు వేయించాలి, వచ్చే నెల రండి" అన్నారు. అయిదు నెలలు తిరిగాను. మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు ఆ డబ్బునే నమ్ముకున్నాం.

చివరికి పాత విద్యే పనికొచ్చింది. ఖాళీ చేసిన తేదీ, తాళాలు అప్పగించిన తేదీ రాసి, విరిగిన కుళాయికి 400 మినహాయించుకోమని, అక్నాలెడ్జిమెంటు కార్డుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆయన కోపంగా జవాబు రాశారు: "మీ 12,000లో సున్నాలకే 9,000 పోతుంది" అని. ఆ ఉత్తరమే నాకు రసీదయింది! లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. కోర్టు ఫీజు లేదు. 10,500 చేతికొచ్చాయి.

1960 నాటి అద్దె చట్టం ప్రకారం నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. గూడూరు మోడరన్ హోటల్ కేసులో 1989లో సుప్రీం కోర్టూ దీన్నే ఎత్తిచూపింది. అయితే నగరంలో అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. మా అద్దె 4,000! అలాంటివారికి సివిల్ దావాయే దారి, అదీ మూడేళ్ళలోపే.

2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసింది. పేరు మారినా కాగితం విలువ మారలేదు. అన్నగారన్నా సరే, రసీదు అడగండి. సెలవు.