చెక్క పొడికి దారి చూపుదాం
(సీతమ్మధారలో వడ్రంగం పనివారి ఇళ్ళ మహిళలకు చెప్పిన మాటలు)



మీలో చాలామంది ఇళ్ళలో వడ్రంగం పని ఉంది. ముందు వరండాలోనో, పెరట్లో రేకుల షెడ్డులోనో మిషను పెట్టుకున్నారు. తలుపులు, కిటికీలు, మంచాలు అక్కడే తయారవుతాయి. ఆ పక్కనే వంట. ఆ పక్కనే పిల్లల పడక.

ఈ రోజు ఆ మిషను నుంచి వచ్చే పొడి గురించి మాట్లాడుకుందాం.

విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకు దుమ్ము కొత్త కాదు. హార్బరు దగ్గరి ఇళ్ళలో బొగ్గు దుమ్ము పడుతోందని ఎన్నో ఏళ్ళుగా గొడవ ఉంది. అది నల్లగా కనిపిస్తుంది. అందుకే అడుగుతాం. చెక్క పొడి అలా కాదు. అది మన ఇంటిది. కూడు పెట్టే పనిలోంచి వచ్చింది. దాన్ని ఎవరూ ఏమీ అనరు.

పొడి రెండు రకాలు. చిత్రిక పడితే వచ్చే చుట్టలు, రంపపు పొట్టు బరువుగా ఉంటాయి. వెంటనే కింద పడతాయి. వాటితో పెద్ద బాధ లేదు. పొయ్యిలోకి పనికొస్తాయి. ప్లైవుడ్డు పొట్టు మాత్రం పొయ్యిలో పెట్టకండి. అందులో జిగురు ఉంటుంది, ఆ పొగ మంచిది కాదు.

రెండోది ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు వచ్చే మెత్తని పొడి. మిషను ఆపిన తర్వాత కూడా చాలాసేపు గాలిలో తేలుతుంది. రేకు సందులోంచి ఎండ పడితే ఆ వెలుగులో కనిపిస్తుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేది ఇదే.

పోతే ఏమవుతుంది? తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ మంట, పొడి దగ్గు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం పెరుగుతుంది. టేకు పొడి తగిలితే కొందరికి ఒళ్ళంతా దురద. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి బాగా పీల్చినవాళ్ళకు ముక్కు లోపల క్యాన్సర్ రావడం చూసి అలా చేర్చింది. అందరికీ వస్తుందని కాదు. కానీ తెలిసి ఊరుకోవడం ఎందుకు?

ఒక్క మాట ఆలోచించండి. మిషను మీద పని చేసేది ఎక్కువగా మగవాళ్ళే. సాయంత్రం ఊడ్చేది ఎవరు? మనమే. పొడి చీపురుతో ఊడిస్తే నేల మీద కూర్చున్న మెత్తని పొడి మళ్ళీ లేస్తుంది. చంటిబిడ్డను చంకన వేసుకుని ఊడ్చేవాళ్ళు కూడా ఉన్నారు. "పొద్దస్తమానం పని చేసిన నాకే దగ్గు లేదు, నీకేటి?" అని ఇంట్లో అంటారు. వంగి ఊడ్చేవాళ్ళ ముక్కు నేలకు దగ్గరగా ఉంటుందని చెప్పండి. ఈ రోజు నుంచే నీళ్ళు చిలకరించి ఊడవండి. లేదా తడిగుడ్డతో తుడవండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అసలు పని వేరే ఉంది. పొడి గాలిలోకి లేవకముందే దాన్ని పట్టాలి.

కొత్త మిషన్లలో చాలావాటికి పొడి బయటికి పోయే మూతి ఉంటుంది. ఆ మూతికి గొట్టం తగిలించాలి. గొట్టం ఒక డ్రమ్ములోకి పోవాలి. డ్రమ్ము నుంచి ఇంకో గొట్టం గాలి పీల్చే మిషనుకు పోవాలి. దాన్ని వ్యాక్యూమ్ క్లీనరు అంటారు. డ్రమ్ము లోపల గొట్టం మూతిని గోడ వైపు వంచి పెట్టాలి. అప్పుడు గాలి సుడి తిరుగుతుంది. తడిగుడ్డను గిరగిరా తిప్పితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి కదా? అలాగే పొట్టు గోడకు కొట్టుకుని అడుక్కి జారుతుంది. గాలి మాత్రం మూత మధ్యలోంచి పైకి పోతుంది. పల్చటి డబ్బా వద్దు, గాలి లాగేసరికి లోపలికి నొక్కుకుపోతుంది. రంగుల కంపెనీల గట్టి బకెట్టు పనికొస్తుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మిషను మూతి ఒక సైజు, షాపులో గొట్టం ఇంకో సైజు. రెండూ కలవవు. గుడ్డ చుట్టి, తాడు కట్టి వదిలేస్తారు. ఆ సందుల్లోంచే పొడి కారుతుంది. అక్కడ మన చదువు పనికొస్తుంది.

ఒక కాగితపు పట్టీ తీసుకోండి. మిషను మూతి చుట్టూ బిగుతుగా చుట్టండి. కలిసిన చోట గీత గీయండి. పట్టీని విప్పి స్కేలుతో కొలవండి. 22 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. దాన్ని 7తో గుణించి 22తో భాగించాలి. 7 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మూతి అడ్డం కొలత 70 మిల్లీమీటర్లు.

ఇప్పుడు పి.వి.సి. గొట్టం మీద అచ్చు వేసిన అంకె చదవండి. 63, 75, 90, 110 అని ఉంటాయి. ఆ అంకె గొట్టం బయటి కొలత, లోపలిది కాదు. షాపులో చాలామంది తికమకపడేది ఇక్కడే. 75 గొట్టం గోడ రెండు మిల్లీమీటర్లు ఉంటే రెండు వైపులా కలిపి నాలుగు పోతాయి. లోపల 71 మిగులుతుంది. మన 70 మూతి అందులో దూరుతుంది. మిగిలిన సందులో పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి దూర్చితే బిగుసుకుంటుంది.

కొలత అసలు కుదరకపోతే గొట్టం కొసనే సాగదీయవచ్చు. ఏటికొప్పాక బొమ్మలు మీరు చూసే ఉంటారు. అంకుడు కర్రను లేతు మీద తిప్పి చేస్తారు. ఇంట్లో లేతు ఉంటే అలాగే మూతి సైజుకు ఒక చెక్క అచ్చు తిప్పించండి. పాత గిన్నెలో నీళ్ళు మరగబెట్టి గొట్టం కొసను కాసేపు ముంచండి. మెత్తబడుతుంది. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని దాన్ని అచ్చు మీదకు నెట్టండి. చన్నీళ్ళు పోయండి. ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. మంట మీద మాత్రం కాల్చకండి. పి.వి.సి. మాడితే విషపు పొగ వస్తుంది.

గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మూల మలుపు పెట్టకండి. మురుగు కాలవలో చెత్త ఆగేది మూలల్లోనే కదా? మరీ లావు గొట్టం కూడా వద్దు. అందులో గాలి నెమ్మదిస్తుంది, పొట్టు మధ్యలో పేరుకుంటుంది.

అతుకులు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి మిషను వేసి అతుకు దగ్గర సన్నని దారం పట్టుకోండి. దారం లోపలికి లాగితే సందు ఉన్నట్టే. కొందరు అగరుబత్తి పొగతో చూస్తారు. నాకు అది నచ్చదు. నిప్పురవ్వ లోపలికి పోతే డ్రమ్ములో పొట్టు రాజుకుంటుంది. బీడీ కూడా అక్కడ వద్దు. రోజూ రాత్రి డ్రమ్ము ఖాళీ చేయండి.

ఇంత చేసినా మెత్తని పొడి కొంత మిగులుతుంది. రుద్దే పని ఉన్నప్పుడు ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. చీర కొంగు, తువ్వాలు ఆ పొడిని సరిగా ఆపవు.

అదుగో, ఆ బల్ల మీద మూడు గొట్టం ముక్కలు పెట్టాను. కాగితం, స్కేలు కూడా ఉన్నాయి. ముందు ఎవరు కొలుస్తారు? రండి.