ఆకుకు తగిలిన దెబ్బ వేరుకు చేరుతుంది
(కదిరి రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదెకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కుకు ఎక్కింది. అంత మానునూ నిలబెట్టేది వేరు. ఆ వేరుకు తిండి పంపేది ఆకు. ఆ ఆకును గాలిలోంచి కొట్టే ఓజోన్ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

ఆకాశంలో ఎత్తున ఉండే ఓజోన్ పొర మనల్ని కాపాడుతుంది. నేల దగ్గర పుట్టే ఓజోన్ మాత్రం మనిషికీ పైరుకీ చేటు. బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ, చెత్తా గడ్డీ కాల్చిన పొగ, వీటిలోని వాయువులు ఎండకు కలిసి ఓజోన్‌గా మారతాయి. మన సీమలో ఎండకు కరువా? పట్నంలో లేచిన పొగ గాలితో పల్లెకూ వస్తుంది.

ఇది ఢిల్లీ సంగతి అనుకోవద్దు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2001 నుంచి 2003 దాకా ఇక్కడి గాలిలోనే ఓజోన్‌ను కొలిచారు. ఎండాకాలంలో ఎక్కువ, వానాకాలంలో తక్కువ అని తేలింది. అంటే చింత, కానుగ, వేప కొత్త చిగురుతో ఉండే కాలంలోనే దెబ్బ ఎక్కువ.

ఓజోన్ ఆకు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. ఆకు తయారుచేసే తిండి తగ్గుతుంది. ఉన్న తిండిలో కొంత ఆ దెబ్బను మాన్పుకోవడానికే సరిపోతుంది. వేరుకు అందేది తగ్గి, సన్న వేర్లు పలచబడతాయి. వేర్లను అంటుకుని నీళ్లూ భాస్వరమూ అందించే బూజుకూ తిండి తగ్గుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆరుబయట చెట్ల మధ్య ఈ వాయువులు వదిలి నాలుగేళ్లు చూశారు. బొగ్గుపులుసు వాయువు ఒక్కటే పెంచినచోట మట్టిలో కొత్తగా చేరిన కర్బనంతో పోలిస్తే, ఓజోన్ కూడా కలిపినచోట చేరింది సగమే. 2003లో ఈ ఫలితం బయటపెట్టారు. కర్బనం తగ్గిన మట్టి నీళ్లు పట్టుకోలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మీద బతికే మనకు అంతకన్నా నష్టం ఏముంది?

శనక్కాయకూ ఓజోన్ పడదు. నార్త్ కరోలినా ప్రయోగాల్లో ఓజోన్ పెరిగినచోట కాయ దిగుబడి తగ్గింది. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి: ఖరీఫ్‌లో మన పంట పోవడానికి మొదటి కారణం వానే. బెట్టకు వాడిన పైరు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది కాబట్టి ఓజోన్ లోపలికి పోయేది కూడా తక్కువే. బోరు నీళ్లు పారించిన ఎండాకాలపు పైరు మాత్రం రంధ్రాలు తెరిచి ఉంటుంది. అప్పు చేసి బోరు వేసి తడిపిన పైరే ఓజోన్‌ను ఎక్కువ పీలుస్తుంది.

మేమూ ఎండాకాలంలో గట్ల మీద గడ్డికి నిప్పు పెట్టినవాళ్లమే. ఇకపై పెట్టం. కొండకు నిప్పు పెట్టేవాళ్లను ఆపుదాం. రాలిన ఆకునూ కంది కట్టెనూ చెట్ల పాదుల్లో పరుద్దాం. ఊరి చెత్త కాల్చొద్దని మునిసిపాలిటీనీ పంచాయతీలనూ నిలదీద్దాం.

ప్రభుత్వాన్ని ఒకటి అడుగుదాం. 2009లో కేంద్రం గాలిలో ఓజోన్‌కు హద్దు పెట్టింది. ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ హద్దు దాటుతోందో లేదో తెలిసేలా కదిరిలో కొలిచే యంత్రం పెట్టాలి. ఆ లెక్క వాన లెక్కతో పాటు రైతుకు అందాలి. వాన మన చేతిలో లేదు, పొగ మన చేతిలో ఉంది. ఈ మాట ప్రతి ఊరి సంఘంలో చర్చించి తీర్మానం చేసి పంపండి.