టెండరు పత్రం: చదవడం, వ్రాయడం

(చిన్న పరిశ్రమలు నెలకొల్పదలచిన పట్టభద్రుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో అనేకులకు మొదటి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే కావచ్చును. పాఠశాలకు బల్లలు, ఆసుపత్రికి దుప్పట్లు, రైల్వేలకు మరమేకులు ఎవరో ఒకరు టెండరు వేసి సరఫరా చేస్తున్నవే. టెండరు దక్కాలంటే పలుకుబడి ఉండాలని కొందరు, అందరికన్నా తక్కువ ధర వేస్తే చాలునని మరికొందరు అంటారు. పలుకుబడి ఎక్కడా పనిచేయదని నేను ప్రమాణం చేయలేను. కాని నేను చూచినంతలో, ధరల కవరు విప్పకముందే వీగిపోయిన టెండర్లలో ఎక్కువ భాగం వీగిపోయినది పలుకుబడి లేక కాదు. అడిగినదేమిటో వేసినవారు పూర్తిగా చదవకపోవడం వల్ల.

బొంబాయి విమానాశ్రయంలో ఒక భోజనశాల, రెండు ఫలహారశాలలు నడపడానికి పూర్వం టెండర్లు పిలిచారు. ద్వితీయ శ్రేణి హోటలుదారుగా రిజిస్టరయి, కనీసం 5 సంవత్సరాల అనుభవం ఉన్నవారే అర్హులని ప్రకటనలో వ్రాశారు. క్యాంటీన్లు నడిపిన అనుభవమే తప్ప ఆ రిజిస్ట్రేషను లేని వ్యక్తికి కాంట్రాక్టు లభించింది. ఒక ప్రభుత్వ సంస్థ తాను విధించిన అర్హతను తానే ఉల్లంఘించరాదని సుప్రీంకోర్టు 1979లో స్పష్టం చేసింది. అయితే న్యాయస్థానానికి ఆలస్యంగా వచ్చారన్నది మొదలైన కారణాలవల్ల పిటిషనుదారుకు మాత్రం ఉపశమనం కలుగలేదు.

దీనికి మరోవైపు కూడా ఉన్నది. వారణాసిలోని అప్పటి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ తుక్కు ఇనుము అమ్మకానికి టెండర్లు పిలిచి, ధరావత్తును నగదుగా గాని, స్టేట్ బ్యాంకు డ్రాఫ్టుగా గాని చెల్లించాలన్నది. ఒకరు మరో బ్యాంకు ధ్రువపరచిన చెక్కు జతచేశారు. అర్హతకు సంబంధించిన ముఖ్య నిబంధనలు వేరు, వాటికి తోడ్పడే అనుబంధ నిబంధనలు వేరు అని 1991లో సుప్రీంకోర్టు నిర్ణయించి, ఆ లోపాన్ని మన్నించవచ్చునన్నది. ఇది విని ధైర్యం తెచ్చుకోకండి. ఒక డ్రాఫ్టు కోసం ఢిల్లీ దాకా వెళ్ళగల స్తోమత చిన్న కర్మాగారానికి ఎక్కడిది?

కనుక పత్రాన్ని కలం చేతబట్టి చదవండి. "తప్పనిసరిగా" అన్న మాట ఎక్కడ కనిపించినా గీత గీయండి. సందేహముంటే టెండరుకు ముందు జరిగే సమావేశంలో గాని, లిఖితపూర్వకంగా గాని అడగండి. గడువులోగా వెలువడే సవరణ ప్రకటనలనూ గమనించండి. రెండు కవర్ల పద్ధతిలో మొదట సాంకేతిక కవరు విప్పుతారు. అందులో నెగ్గినవారి ధరలే చూస్తారు. పొరపాటున ధరల కాగితం మొదటి కవరులో పెడితే టెండరు తిరస్కరణకు గురికావచ్చును. 2016లో ప్రారంభమైన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ వచ్చాక అనేక కొనుగోళ్ళలో లక్క ముద్ర పోయి కంప్యూటరు వచ్చింది. చదవవలసిన బాధ్యత మాత్రం తగ్గలేదు.

ఇక ధర. ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక బల్లకు కలప, ఇనుము 2,400 రూపాయలు, కూలి 500, షెడ్డు అద్దె, విద్యుత్తు, అప్పుపై వడ్డీ 350, రవాణా 200. మొత్తం 3,450. కొత్తవారు తరచు అద్దెను, వడ్డీని మరచి 3,200 అని వేస్తారు. టెండరు దక్కుతుంది! 400 బల్లలు సరఫరా చేసేసరికి లక్ష రూపాయల నష్టం మిగులుతుంది. వెనుకకు తగ్గితే ధరావత్తు పోతుంది. దాని మినహాయింపు పొందినవారినైనా కొంతకాలం టెండర్లకు దూరంగా ఉంచవచ్చును. సరఫరా ఆలస్యమైతే చాలా ఒప్పందాలలో వారానికి అర శాతం చొప్పున కోత ఉంటుంది. దాన్ని కూడా చదివిన తరువాతనే ధర నిర్ణయించాలి.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2012 నుంచి అమలులో ఉన్న కొనుగోలు విధానం కొంత అండ ఇస్తున్నది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం వీరినుంచి జరపాలి. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాల, తెగల వారి సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు కేటాయించారు. ధరావత్తు మినహాయింపు ఉన్నది. కనిష్ఠ ధర పెద్ద సంస్థది అయినప్పుడు, దానికి 15 శాతం లోపు ఎక్కువగా వేసిన చిన్న సంస్థ ఆ ధరకు దిగివస్తే సరఫరాలో ఒక భాగం పొందవచ్చును. ఈ సదుపాయాలు కోరేవారు రిజిస్ట్రేషను పత్రాన్ని టెండరుతోనే జతపరచాలి. తరువాత తెస్తామంటే కుదరకపోవచ్చు.

టెండరు దక్కకపోతే కారణం అడుగుతూ ఒక లేఖ వ్రాయండి. అడిగినవారికి తిరస్కరణ కారణాలు తెలియజేయాలని కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలే చెబుతున్నాయి. ఆ జవాబును ఫైలులో భద్రపరచి, మళ్ళీ అదే కార్యాలయం టెండరు పిలిచినప్పుడు మొదట దానిని తీసి చదవండి.