చత్వారం అనుకుని ఊరుకోవద్దు

నలభై దాటాక సూదిలో దారం ఎక్కకపోతే చత్వారం అనుకుని పేట బజార్లో కళ్లజోడు కొనేస్తాం. చాలాసార్లు అది చత్వారమే. కానీ హెచ్ఐవీ ఉన్నవాళ్లకి కళ్ల ముందు నల్లచుక్కలు తేలినా, మెరుపులు కనపడినా, ఒక పక్క తెర దించినట్టు మసకైనా సంగతి వేరు. నొప్పుండదు, కన్ను ఎర్రబడదు, అందుకే ఆలస్యం చేస్తాం. సీడీ4 కణాలు 50 కంటే తగ్గినవాళ్లకి సీఎంవీ అనే వైరస్ కంటి లోపలి పొరని పాడుచేసే ప్రమాదం ఎక్కువ. పోయిన చూపు మళ్లీ రాదు, మందులతో మిగిలింది నిలబెట్టుకోవచ్చు. మాచర్లైనా గురజాలైనా, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఏఆర్‌టీ పుస్తకం చూపించండి. మనం సిగ్గుపడి దాచేది అక్కడే, తెలియాల్సిందీ అక్కడే. సంఘంలో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, 2017 చట్టం కూడా బలవంతం చేయొద్దంటోంది. కంటికి మందు వాడుతున్నామని ఏఆర్‌టీ మాత్రలు మాత్రం ఆపొద్దు.